నల్లబండల మీద తప్పిన లెక్క

వీధిలో దొరికిన ఆడకుక్కను తెచ్చుకున్నామని, ఆపరేషన్ చేయించేలోపే ఎదకొచ్చిందని, ఈ మూడు వారాలు ఎట్లా నెట్టుకురావాలని అడిగారు. ఏ డైపర్ మంచిదని కూడా అడిగారు. డైపర్ మీ పరుపు కోసం, కుక్క కోసం కాదు. మగకుక్కకు అదొక అడ్డే కాదు.

మాది కడప, ఎర్రముక్కపల్లె. మా ఆయన కువైట్‌లో ఉంటాడు. ఇంట్లో నేను, అత్తమ్మ, మామయ్య, మల్లి. 2022 ఎండాకాలంలో మా వీధి చివర చెత్తకుండీ పక్కన ఎవరో ఒక అట్టపెట్టె పెట్టిపోయారు. అందులో మూడు పిల్లలు, మూడూ ఆడవే. రెండు ఆ ఎండకే పోయాయి, మిగిలింది మల్లి. మగపిల్లలు ఆ పెట్టె దాకా రావు, దారిలోనే ఎవరో ఒకరు తీసేసుకుంటారు.

ఆరు నెలలు రాగానే ఆపరేషన్ చేయించమని పశువుల డాక్టరు చెప్పాడు. దసరా పోనీ, చూద్దాంలే అనుకున్నాను. దసరా పోయింది, చిత్తకార్తె వచ్చింది. ఆ కార్తె పేరు పెట్టి కుక్కలను ఎందుకు తిడతారో అప్పుడు తెలిసింది. వీధిలో ఎప్పుడూ కనపడని కుక్కలన్నీ మా గేటు ముందే. గేటుకు ఎర్రనీళ్ల సీసాలు కడితే రావని ఎదురింటామె రెండు తెచ్చి కట్టింది. ఒక మగకుక్క ఆ సీసా మీదే కాలెత్తి పోయింది. ఫినాయిల్ పోస్తే పోతాయన్నారు. వాటికి కాదు, మాకే తలనొప్పి వచ్చింది.

నేను చేసిన తప్పు ఇది. మా ఇంట్లో కింద అంతా కడప నల్లబండలే. వాటి మీద రక్తపు చుక్క పడినా కనపడదు. పైగా ఆడకుక్క తనను తాను నాకి శుభ్రం చేసుకుంటుంది. నేను చూసింది ఒక సోమవారం, దాని గోనెసంచి మీద. అదే మొదటి రోజనుకుని గోడకున్న క్యాలెండర్ మీద టిక్కు పెట్టాను. నిజానికి అప్పటికే నాలుగైదు రోజులు అయి ఉండాలి.

వాపు, ఎర్రటి రక్తం సుమారు తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో మగకుక్కలు వస్తాయి గానీ ఆడది దగ్గరికి రానివ్వదు, కరుస్తుంది. తర్వాత ఇంకో తొమ్మిది రోజులు అటూ ఇటుగా రక్తం వెలిసిపోయి లేత రంగుకు వస్తుంది, వాపు మెత్తబడుతుంది, తోక పక్కకు పెడుతుంది. కడుపొచ్చే రోజులు అవే. మనమేమో రక్తం తగ్గింది కదా, అయిపోయింది అనుకుంటాం.

నేనూ అట్లాగే అనుకున్నాను. నా లెక్కకు ఎనిమిదో రోజు, బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కుతూ మల్లిని కూడా తీసుకుపోయాను, పాపం గాలి తగులుతుందని. గేటుకు తాళం ఉంది, ఇంకేం భయం! పక్కిల్లు అప్పుడు కట్టుబడిలో ఉంది. దాని మెట్లకు తలుపు లేదు, మా రెండు మిద్దెల మధ్య ఉన్నది మోకాలెత్తు పిట్టగోడ. నేను దుప్పటి పిండి తీగ మీద వేసి, దాని అంచు సర్దుకుని తిరిగి చూసేసరికి గోధుమరంగుది ఒకటి పిట్టగోడ దూకేసింది. రెండూ అతుక్కునే ఉన్నాయి.

ఎదురు మిద్దె మీద నుంచి ఒక పెద్దాయన, "నీళ్లు పోయి పాపా! నీళ్లు పోస్తే ఇడుస్తాయి" అని అరుస్తాడు. మేస్త్రీలు పని ఆపి చూస్తున్నారు. కింద నుంచి అత్తమ్మ, "ఏందమ్మే అది?" అంటుంది. పైకి రావాకండి అన్నాను. నీళ్లు పోయకూడదు, కొట్టకూడదు, లాగకూడదు. మగదాని అవయవం లోపల ఉబ్బి చిక్కుకుంటుంది, దానంతట అది తగ్గితేనే విడిపోతాయి. లాగితే రెండింటికీ చీలుతుంది. అందుకని మల్లి తల ఒళ్లో పెట్టుకుని ఆ ఎండలో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. రెండో కుక్క అటు తిరిగి, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తూ నిలబడింది.

మందుల షాపతను, కడుపు రాకుండా సూది ఉందన్నాడు. డాక్టరు తిట్టాడు. అట్లాంటి సూదులతో గర్భసంచిలో చీము పట్టొచ్చు, ఒంట్లో రక్తం తయారయ్యే చోటే దెబ్బతినొచ్చు అన్నాడు. సూది లేకపోయినా ఎద అయిన నెలా రెండు నెలల్లో కుక్క ఊరికే నీళ్లు తాగడం, తిండి మానడం, చీము కారడం కనపడితే ఆ రోజే తీసుకుపోండి. ఆపరేషన్‌కు మాత్రం ఎద అయ్యాక రెండు నెలలు ఆగమంటారు, ఇప్పుడు రక్తనాళాలు పొంగి ఉంటాయి కాబట్టి.

ఎదకొచ్చిన కుక్కను ఇంట్లోకి రానిస్తే మైల అని అత్తమ్మ మొదట్లో రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత మామయ్య పాతపంచె చించి పరిచిందీ ఆమే. మీరూ తెల్లబట్టే వేయండి, రోజూ రంగు చూడండి. రంగు వెలిసిన రోజు నుంచి ఇంకో రెండు వారాలు తలుపు గొళ్లెం తీయాకండి. బయటికి తీసుకుపోతే బెల్టు చేతికి చుట్టుకుని, తెల్లారుజామున. మిద్దె మీదికి అసలే వద్దు.

అరవై రెండు రోజులకు నాలుగు పిల్లలు పెట్టింది. మూడు ఆడ, ఒకటి మగ. మగదాన్ని కళ్లు తెరవకముందే ఒకాయన ఖాయం చేసుకున్నాడు. మిగతావాటికి ఎంతమందిని అడిగినా ఒకటే మాట, "ఆడదా? వద్దులేమ్మా, మళ్లీ ఆ తంటా ఎవరు పడతారు." పెంపుడు కుక్క ఆపరేషన్ యజమాని బాధ్యతేనని కేంద్రం తెచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో రాసి ఉంది. అది చదివే ఓపిక లేదు గానీ అట్టపెట్టె తెచ్చి వీధి చివర పెట్టే ఓపిక ఉంటుంది. ఆపరేషన్ ఖర్చు నాదే, ఆటోలో తీసుకుపోయేదీ నేనే అని మాటిచ్చి రెండింటిని పంపాను. ఒకటి ఇక్కడే ఉంది. మార్చిలో పిల్లలు పాలు మానాక మల్లికి ఆపరేషన్ అయింది.

మగదాన్ని తీసుకుపోయినాయన ఆ మరుసటి అక్టోబరులో ఫోన్ చేశాడు. గోడ దూకి పోయి మూడు రోజులైంది, చెవి చీలి ఇప్పుడే ఇంటికొచ్చింది, ఏం చేయాలమ్మా అని. ఎవరింటి మిద్దెకో తలుపు లేదేమో చూడన్నా అన్నాను.