కొల్లేటి తెల్లకొంగలు: ముక్కు రంగును నమ్మకండి

కొల్లేటిలో మీరు తీసిన ఫోటోల్లో కొంగలన్నీ తెల్లటి ముద్దల్లా వచ్చాయని, ఒకదానికి పసుపు ముక్కు, మరొకదానికి నల్ల ముక్కు ఉంటే రెండూ ఒకే జాతా అని అడిగారు.

ముందు వెలుగు సంగతి. నల్లటి నీళ్లు, తుంగ ఎక్కువగా కనబడితే కెమెరా చీకటిగా ఉందనుకుని దృశ్యాన్ని వెలిగిస్తుంది, దాంతో ఫోటోలో తెల్లని ఈకలు కాలిపోతాయి, అంటే గీతలేవీ కనబడకుండా తెల్లటి ముద్దవుతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1కి దించి తీయండి. ఒకసారి కాలిపోయిన ఈకల గీతలు తర్వాత ఎంత సరిదిద్దినా తిరిగి రావు. అదే కొంగ వెలుగు నిండిన ఆకాశంలో ఎగురుతుంటే లెక్క తలకిందులు, ప్లస్ వైపు జరపాలి.

ఇక జాతి. పెద్ద తెల్లకొంగకు మామూలుగా పసుపు ముక్కే, కానీ గుడ్లు పెట్టే కాలంలో అది నల్లబడుతుంది. అందుకే ముక్కు రంగుతో తేల్చడం ప్రమాదం. నోటి చీలిక, అంటే ముక్కు నుంచి కంటి వైపు సాగే గీత చూడండి: పెద్ద తెల్లకొంగకు అది కన్ను దాటి వెనక్కి వెళుతుంది, నడిమి రకం తెల్లకొంగకు కంటి కిందే ఆగిపోతుంది. చిన్న తెల్లకొంగకు ముక్కు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. మీ రెండో ఫోటోలోని నల్ల ముక్కు కొంగ పాదాలు బురదలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడే పేరు చెప్పలేను. అది ఎగిరేటప్పుడు పాదాలు వెనక్కి చాచుతుంది, ఆ క్షణం కోసం ఓపికగా కాచుకోండి. దాన్ని ఎగరగొట్టడానికి మాత్రం దయచేసి దగ్గరికి వెళ్లకండి, గూళ్ల దగ్గరైతే అసలే వద్దు. తల్లి లేచిన కాసేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.

తల పక్కనుంచి స్పష్టంగా కనిపించే ఫోటో ఇంకేదైనా ఉంటే పెట్టండి, చూసి చెబుతాను.