పేపర్లో పడ్డ మందు మన ఊరికి ఎప్పుడొస్తుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: "అక్కా, ఫోన్లో ఫలానా వార్త చూశాను, నిజమేనా, నిజమైతే మనదాకా ఎప్పుడొస్తుంది?" వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పాము ఉత్తరానికి చాలా చోటు పట్టింది, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: పాముకాటుకు కంప్యూటరే మందు కనిపెట్టిందంట కదక్కా. మా ఊళ్లో ఏటా వానలు పడినాక బుడ్డల చేన్లో ఒకరికో ఇద్దరికో కరుస్తుంది. ఆ మందు కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చిందా?
(దేవనకొండ దగ్గర రైతు, కర్నూలు జిల్లా)

వార్త నిజమే తమ్ముడూ. మందు మాత్రం ఇంకా ఎలుకల దగ్గరే ఉంది, మనుషుల దాకా రాలేదు.

జరిగింది ఇదీ. నాగుపాము, కట్లపాము జాతి విషంలో నరాలను పట్టేసే ప్రోటీన్లుంటాయి, వాటివల్లే రెప్పలు వాలిపోయి, మాట ముద్దయిపోయి, చివరికి ఊపిరి ఆడకుండా పోతుంది. అమెరికాలో డేవిడ్ బేకర్ అనే శాస్త్రవేత్త బృందం ఆ ప్రోటీన్ల ఆకారం చూసి, వాటిని గట్టిగా అతుక్కుని పనిచేయనివ్వకుండా చేసే కొత్త ప్రోటీన్లను కంప్యూటర్‌తో గీయించి, ల్యాబ్‌లో తయారుచేసింది. ఆ విషపు ప్రోటీన్లు ఎక్కించి, ఈ కొత్త ప్రోటీన్లు ఇచ్చిన ఎలుకల్లో చాలావరకు బతికాయి. 2025 జనవరిలో ఆ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. ఇదే బేకర్‌కు ప్రోటీన్ల డిజైన్ మీద చేసిన పనికి 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, ప్రోటీన్ల ఆకారాన్ని ఏఐతో ముందే చెప్పగలిగిన హసబిస్, జంపర్ అనే ఇద్దరితో కలిపి.

దీని మీద నాకు ఆశ ఉంది, ఎందుకుందో చెప్తాను. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో ఎక్కించే విరుగుడు గుర్రాల నుంచి వచ్చేది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఇచ్చి, దాని ఒంట్లో పుట్టిన విరుగుడును రక్తంలోంచి వేరుచేస్తారు. 1890ల నాటి పద్ధతి. ఆ విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుల తెగవాళ్ల సహకార సంఘం నుంచే వస్తుంది. గుర్రం ప్రోటీన్ కాబట్టి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, బీపీ పడిపోతుంది. కొత్త రకం మందును గుర్రం లేకుండా, బ్యాక్టీరియాతో తొట్లలో పెంచి తీయొచ్చు. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి, ఇది నాగుపాము, కట్లపాము జాతి విషంలోని ఒక రకం ప్రోటీన్ల మీద చేసిన పని. మన చేలల్లో ఎక్కువ భయపెట్టే రక్తపింజరి విషం దారి వేరు, అది నరాలకన్నా ముందు రక్తాన్ని పట్టుకుంటుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. 2009లో మా నాయనకు చేన్లో బుడ్డలు పీకేటప్పుడు రక్తపింజరి కరిచింది. ఊళ్లో పెద్దమనుషులు పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు, అక్కడే రెండున్నర గంటలు పోయాయి. ఆసుపత్రికి చేరేసరికి చిగుళ్లలోంచి నెత్తురు. అక్కడ నర్సమ్మ ఏ పెద్ద మిషనూ తేలేదు. చిన్న గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, కిటికీ గట్టు మీద కదలకుండా నిలబెట్టి, గోడ గడియారం వైపు చూసింది. 20 నిమిషాలు. మామూలుగా అయితే ఆ రక్తం గడ్డకట్టి గొట్టానికి అతుక్కోవాలి. ఆమె గొట్టాన్ని వంచితే నీళ్లలాగా అంచు దాకా జారింది. అప్పుడే విరుగుడు మొదలుపెట్టారు. ఆరు గంటల తర్వాత మళ్లీ తీసి వంచితే ఈసారి కదల్లేదు, అది చూశాకే నేను కూర్చున్నాను. కిడ్నీలు దెబ్బతిని మూడుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది గానీ నాయన ఇంటికొచ్చాడు. ఆ రెండున్నర గంటలు పోకుండా ఉంటే అది కూడా తప్పేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58 వేల మంది చనిపోతున్నారని పరిశోధకులు లెక్కగట్టారు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో, ఇళ్ల దగ్గరే పోయారు. అంటే ఉన్న మందు అందక పోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి కొత్త మందు వచ్చేదాకా మీరు చేయాల్సింది చెప్తాను, ఊళ్లో నలుగురికీ చెప్పండి. కాటును కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి, తర్వాత వాపు వస్తే రావు. కాలు కదలకుండా కట్టెకు కట్టి, మనిషిని నడిపించకుండా 108లో గానీ మోటార్ సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి గానీ తీసుకుపోండి. పామును చంపి తేవాలని వెతుక్కుంటూ టైం పోగొట్టొద్దు, ఇక్కడ దొరికే విరుగుడు నాలుగు ముఖ్యమైన విషపాములకూ కలిపి చేసిందే. సర్కారు ఆసుపత్రిలో ఉచితం. ఇంకొకటి, కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. తెల్లవారుజామున లేచి కడుపునొప్పి అంటూ, రెప్పలు ఎత్తలేకపోతుంటే గ్యాస్ అనుకోవద్దు. కొట్టంలో పడుకునేవాళ్లు మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

ప్రశ్న: ఎండ ఎక్కువ కాస్తే సోలార్ కరెంటు ఎక్కువ రావాలి కదా మేడమ్? మే నెలలో తగ్గుతుందని మా లెక్చరర్ అన్నారు. పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం వస్తే ఆ బాధ ఉండదంటున్నారు.
(పాలిటెక్నిక్ విద్యార్థి, ఓర్వకల్లు)

మీ లెక్చరర్ చెప్పింది నిజం. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. సామర్థ్యం లెక్క కట్టేది 25 డిగ్రీల దగ్గర, ఆపైన ప్రతి డిగ్రీకి దాదాపు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలు దాటిందనుకో, ఎంత పోతుందో నువ్వే లెక్కవేసుకో. మీకు దగ్గర్లో ఉన్న 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కుకు కూడా ఈ లెక్క తప్పదు, దానికి తోడు దుమ్ము.

పెరోవ్‌స్కైట్ అంటే ఒక రకం స్ఫటిక నిర్మాణం. దాని పల్చటి పొరను మామూలు సిలికాన్ మీద వేస్తే, పై పొర నీలం వైపు వెలుతురును, కింది పొర ఎరుపు వైపు వెలుతురును వాడుకుంటాయి. ఒంటరి సిలికాన్ సిద్ధాంతపరంగా 29.4 శాతం దగ్గర ఆగిపోతుంది. ఈ జోడీతో చైనా కంపెనీ లాంగీ 2024లో చిన్న సెల్ మీద 34.6 శాతం చూపించింది. చిక్కేమిటంటే ఆ పొర తేమకు, వేడికి పాడవుతుంది, సిలికాన్ ప్యానెల్ పాతికేళ్లు నిలబడుతుంది. మన ఎండలో ఏళ్ల తరబడి నిలిచినప్పుడే అది పనికొచ్చినట్టు. నువ్వు ప్రాజెక్టు చేయాలనుకుంటే ఇదే మంచి అంశం నాయనా, మీ కాలేజీ డాబా మీద రెండు ప్యానెళ్ల వెనక థర్మామీటర్లు అతికించి రోజంతా కొలువు, ఒకటి తుడిచి, ఇంకొకటి తుడవకుండా.

ప్రశ్న: జన్యువులు మార్చిన వరి వచ్చిందంట, బీటీ పత్తి లాంటిదేనా? కేసీ కాలువ కింద బీపీటీ వేస్తాం, నీళ్లు చివర్లో చాలవు. విత్తనం ఎక్కడ దొరుకుతుంది?
(మైదుకూరు రైతు, కడప జిల్లా)

బీటీ పత్తి లాంటిది కాదన్నా. బీటీ పత్తిలో బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు పెట్టారు. ఈ వరిలో బయటి జన్యువేమీ లేదు, ఉన్న జన్యువులోనే చిన్న సవరణ. క్రిస్పర్ అనే పద్ధతితో చేశారు, దాన్ని కనిపెట్టిన ఇద్దరు మహిళలు, షార్పెంటియే, డౌడ్నా, 2020లో నోబెల్ అందుకున్నారు.

2025 మేలో కేంద్రం రెండు రకాలు ప్రకటించింది. ఒకటి హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ చేసిన 'కమల', అది మీరు వేసే బీపీటీ 5204, అంటే సాంబ మసూరి నుంచే వచ్చింది. వరిలో వెన్నుకు ఎన్ని గింజలు పట్టాలో అదుపు చేసే జన్యువొకటి ఉంది, ఒకరకంగా బ్రేకు. ఆ బ్రేకును వదులు చేశారు. దిగుబడి 19 శాతం ఎక్కువ, పంట దాదాపు 20 రోజులు ముందే కోతకు వస్తుంది అని వాళ్ల లెక్క. రెండోది ఎంటీయూ 1010, మనం కాటన్ దొర సన్నాలు అంటామే, దాని నుంచి ఢిల్లీ పూసా సంస్థ చేసింది, చవుడును, నీటి ఎద్దడిని తట్టుకునేలా.

నాకు దిగుబడి అంకె కన్నా ఆ 20 రోజులే ముఖ్యంగా కనిపిస్తున్నాయి. కాలువకు చివర్లో నీళ్లు ఆగిపోయినప్పుడు పాలు పోసుకుంటున్న చేను తాలుపోతుంటే గట్టు మీద నిలబడి చూసే బాధ మీకు తెలుసు. ఆ రకం ముందే కోతకొస్తే కనీసం రెండు తడుల నీళ్లు మిగులుతాయి. కానీ తొందరపడొద్దు. ప్రకటన వచ్చిన తర్వాత బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్, సర్టిఫైడ్ అంటూ పెంచుకుంటూ రావడానికి కొన్ని సీజన్లు పడుతుంది. పైగా క్రిస్పర్ మీద విదేశీ పేటెంట్లున్నాయి, వాటి భారం రైతు మీద పడుతుందా అని అడుగుతున్నవాళ్లున్నారు, అడగడం సబబే. ఎవరైనా ఇంటికొచ్చి కమల పేరు చెప్పి ప్యాకెట్ ఇస్తే బిల్లు, లేబుల్ లేకుండా తీసుకోవద్దు. రైతు సేవా కేంద్రంలో అడగండి, వచ్చాక కూడా మొదటి ఏడు అరెకరంలోనే వేసి చూడండి.

ప్రశ్న: షుగరు ఉన్నవాళ్ల కళ్లను ఏఐ చూసి చెప్పేస్తుందంట. మా ఆయన చూపు బాగానే ఉంది, పరీక్ష అవసరమా?
(ఒక గృహిణి, కడప)

అవసరమమ్మా, చూపు బాగున్నప్పుడే అవసరం. షుగరు వల్ల కంటి వెనక రెటీనా రక్తనాళాలు పాడవడం మొదలైనా చాలాకాలం చూపులో తేడా తెలియదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. 2016లో గూగుల్ పరిశోధకులు మన అరవింద్, శంకర నేత్రాలయ లాంటి ఆసుపత్రులవీ, అమెరికావీ కలిపి లక్షా 28 వేల రెటీనా ఫోటోలతో కంప్యూటర్‌కు నేర్పిస్తే, అది కంటి డాక్టర్లకు దగ్గరగా గుర్తుపట్టింది. డాక్టర్ లేని చోట ఒక టెక్నీషియన్, ఒక కెమెరాతో చాలామందిని వడపోయడానికి ఇది మంచి సాయం. మీరైతే దానికోసం చూడక్కర్లేదు, కంటి డాక్టర్ దగ్గర ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించండి చాలు. పరీక్షకు చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి మీద ఆయన్ను ఒంటరిగా పంపొద్దు.

ప్రశ్న: మా వదినకు కాన్పయి రెండు నెలలు. పాపను ఎత్తుకోదు, ఊరికే ఏడుస్తుంది, నిద్ర లేదు. జేజి గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. బాలింతల దిగులుకు 14 రోజుల మాత్ర వచ్చిందని చదివాను. అది ఎలా తెప్పించుకోవాలక్కా?
(ఒక చెల్లెలు, అనంతపురం)

చెల్లీ, నువ్వు గమనించావు, రాశావు, అదే సగం మేలు. నీ వదిన బద్ధకస్తురాలు కాదు, చెడ్డ తల్లి కాదు, ఇది జబ్బు, తగ్గే జబ్బు. కాన్పయిన మొదటి వారం పది రోజుల్లో కన్నీళ్లు చాలామందికి వస్తాయి, వాటంతట అవే పోతాయి. రెండు నెలలైనా ఉంటే చూపించి తీరాలి.

నువ్వు చదివిన మాత్ర పేరు జురానొలోన్. 2023 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది, ప్రత్యేకంగా బాలింతల డిప్రెషన్‌కు వచ్చిన మొదటి మాత్ర అదే. కొన్ని రోజుల్లోనే గుణం చూపుతుంది, మత్తు కూడా ఎక్కువే, వేసుకున్నాక 12 గంటలు బండి నడపొద్దని హెచ్చరిక ఉంది. దానికోసం ఆగొద్దు చెల్లీ. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మామూలు మందులు మన ఊరి షాపుల్లోనే ఉన్నాయి, వాటిలో కొన్ని పాలిచ్చే తల్లులకు కూడా డాక్టర్ చూసి ఇస్తారు. రెండు మూడు వారాలు పడుతుంది, అంతే.

నాకు ఆ మాత్రకన్నా పెద్ద వార్తగా అనిపించేది వేరే ఉంది. పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో ఆతిఫ్ రెహమాన్ అనే డాక్టర్ బృందం, మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్లకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపింది. కూర్చుని వినడం, చెడు ఆలోచనను కలిసి పరీక్షించడం, బిడ్డతో చేసే చిన్న చిన్న పనులు వారానికొకటి అనుకోవడం, ఇంట్లోవాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోవడం. కాన్పయిన ఆరు నెలలకు చూస్తే, ఆ మాటసాయం అందినవాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ ఉంది, అందనివాళ్లలో 53 శాతం. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తర్వాత గోవాలో కూడా ఇలాగే మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి డిప్రెషన్‌కు మాటసాయం చేయించి చూశారు, అక్కడా గుణమిచ్చింది. ఇందులో మందు లేదు, మిషను లేదు. మన ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది, ఆమెకు ఈ పని నేర్పించాలని నేను అవకాశం దొరికినప్పుడల్లా రాస్తూనే ఉంటాను.

జేజితో గొడవ పడొద్దు. తాయెత్తు ఉంటే ఉండనీ, ఆసుపత్రికి మాత్రం ఈ వారంలోనే పోవాలి. జేజినే వెంట తీసుకుపో, డాక్టర్ నోట వింటే ఆమె కూడా నమ్ముతుంది. రాత్రి ఒక పూట పాపను మీరు చూసుకుని వదినను వరుసగా నాలుగైదు గంటలు పడుకోనివ్వండి. 'నీకేం తక్కువ' అనే మాట ఎవ్వరూ అనకుండా చూడు.

వదిన చావు మాటలు మాట్లాడినా, పాపను ఏమైనా చేస్తానేమో అని భయపడినా, ఎవరూ లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకుపో, తెల్లవారనీ అనుకోవద్దు, ఆమెను, పాపను ఒంటరిగా వదలొద్దు. డాక్టర్ దగ్గరికి పోయేలోపు మాట్లాడాలంటే టెలి మానస్ 14416, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వదిన ఫోన్ పట్టుకోలేకపోతే ముందు నువ్వే చెయ్యి, నాకు రాసిందంతా వాళ్లకు చెప్పు.