కప్పను పట్టుకుంటే పులిపిర్లు వస్తాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఏడేళ్లు. మొన్న వాన వెలిశాక బయట గోదురు కప్పను పట్టుకుని గట్టిగా నొక్కాడు. అది చేతిలో మూత్రం పోసింది. తల దగ్గర నుంచి పాలలాంటి తెల్లటి జిగురు కూడా వచ్చింది. వెంటనే సబ్బుతో కడిగించాను. పులిపిర్లు వస్తాయని, విషం ఎక్కుతుందని చుట్టుపక్కల వాళ్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది. మా కుక్కపిల్ల కూడా కప్పల వెంట పడుతుంది. ఏం చేయాలి?

జవాబు: వెంటనే చేతులు కడిగించారు కాబట్టి చేయాల్సిన పని చేసేశారమ్మా. పులిపిర్లు కప్పల వల్ల రావు. వాటికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. అది మనుషుల నుంచి మనుషులకే అంటుతుంది. కప్ప వీపు మీద మనకు పులిపిర్లలా కనిపించేవి నిజానికి గ్రంథులు.

గోదురు కప్పకు పళ్లు లేవు, గోళ్లు లేవు, వేగంగా పారిపోనూ లేదు. అందుకే పాము ఎదురైతే గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించి, కాళ్ల మీద పైకి లేస్తుంది. మింగలేనంత పెద్దదిగా కనిపించాలని దాని ప్రయత్నం. పట్టుకుంటే మూత్రం పోస్తుంది. అందులో చాలావరకు నీరే, దాని వల్ల భయం లేదు. విషం దాని చివరి అస్త్రం. కళ్ల వెనక ఉబ్బెత్తుగా రెండు పెద్ద గ్రంథులుంటాయి. కుక్క కరిచినా, మీ బాబులా ఎవరైనా నొక్కినా వాటిలోంచి తెల్లటి జిగురు ఊరుతుంది. పాములా కాటేసి ఒంట్లోకి ఎక్కించే శక్తి కప్పకు లేదు.

పుండ్లు, గీతలు లేని చర్మం నుంచి ఆ విషం ప్రమాదకరమైనంతగా లోపలికి పోదు. నోట్లోకి, కంట్లోకి వెళ్తేనే ఇబ్బంది. ఇందులోని పదార్థాలు గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్ మందులా పనిచేస్తాయి. గుండె కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ పంపే ఏర్పాటును అడ్డుకుంటాయి. దాంతో వాంతులవుతాయి, గుండె లయ తప్పుతుంది. గోదురు కప్పను గానీ దాని గుడ్లను గానీ తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఉడికించినంత మాత్రాన విషం పోతుందని నమ్మకండి. కప్పతో చేసిన మందు అంటూ ఎవరేం ఇచ్చినా దయచేసి నోట పెట్టుకోకండి.

చాలా జీవులు తమను నొక్కినప్పుడు, నలిపినప్పుడే ఇలా తిప్పికొడతాయి. రాత్రి లైటు చుట్టూ తిరిగే పెడెరస్ అనే సన్నటి నలుపు, నారింజ రంగుల పురుగు కుట్టదు, కరవదు. మెడ మీద వాలినప్పుడు నలిపేస్తే మాత్రం దాని ఒంట్లోని రసం అంటుకుని, మరుసటి రోజుకు చర్మం కాలినట్టు ఎర్రగా గీతలా పొక్కుతుంది. మెల్లగా ఊది పంపేసి, వాలిన చోట సబ్బుతో కడగండి. గొంగళిపురుగు వెంట్రుకలు గుచ్చుకుంటే రుద్దకండి. రుద్దితే ఇంకా లోతుకు దిగుతాయి. టేపు అంటించి లాగితే చాలావరకు వచ్చేస్తాయి.

నాకు బాబు కంటే మీ కుక్కపిల్ల గురించే ఎక్కువ బెంగగా ఉంది. 1935లో చెరకు పంటను తినే పురుగుల కోసమని ఆస్ట్రేలియాకు కేన్ టోడ్ అనే పెద్ద కప్పల్ని తెచ్చి వదిలారు. ఆ విషంతో పరిచయం లేని అక్కడి క్వోల్ అనే చిన్న వేటజంతువులు వాటిని తిని పెద్ద సంఖ్యలో చనిపోయాయి. కుక్కపిల్లలూ అలాగే తెలియక నోట కరుస్తాయి. చొంగ, నురగ కారుతున్నా, చిగుళ్లు బాగా ఎర్రబడినా, కాలితో మూతి గోక్కుంటున్నా దాని తల కిందికి వంచి, పక్క నుంచి నీళ్లు పోస్తూ నోరు కడగండి. ఆ నీళ్లు గొంతులోకి పోకూడదు. తడిగుడ్డతో చిగుళ్లు తుడిచి వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. తూలినా, ఫిట్స్ వచ్చినా ఇది ప్రాణాపాయం, నిమిషం కూడా ఆగొద్దు.

బాబు ఆ చేత్తో కళ్లు నలుపుకున్నాడేమో ఒకసారి అడగండి. ఎప్పుడైనా కంట్లో పడితే పదిహేను నిమిషాల పాటు మంచినీళ్లు ధారగా పోసి కడిగి, కంటి డాక్టర్‌కు చూపించాలి. నోట్లోకి పోయిందని అనుమానమొస్తే నోరు కడిగించి, వాంతులయ్యేదాకా ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లగానే కప్ప సంగతి చెప్పండి. వాళ్లు ఈసీజీ తీస్తారు, రక్తంలో పొటాషియం చూస్తారు. అవసరమైతే డిగాక్సిన్ విరుగుడు ఇంజెక్షన్ వాడతారు. కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా బాక్టీరియా కూడా ఉండొచ్చు కాబట్టి, ఏ కప్పను ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి తినాలని బాబుకి చెప్పండి.