కొత్త సూపర్‌కార్ మీద రోజుకో పుకారు. ఏది నమ్మాలి? హైదరాబాద్‌కి వస్తోందని ముందే తెలుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫెరారీ, లాంబోర్గిని కొత్త మోడళ్ళ మీద రోజుకో "లీక్" వస్తోంది, వాటిలో నిజమేదో ఎలా పట్టుకోవాలి, మన ఊళ్ళో మొదటి కారు దిగేది ముందే తెలిసే దారి ఉందా అని.

నేను కొండాపూర్ వైపు పీపీఎఫ్ షాపు నడుపుతాను. కారు పెయింట్ మీద గీతలు పడకుండా ఫిల్మ్ అతికించే పని. మా వెనక గదిలో ఒక మ్యాట్ ఫిల్మ్ రోల్ గోడకి ఆనించి నిలబెట్టి ఉంటుంది. అయిదడుగుల వెడల్పు, పదిహేను మీటర్ల పొడవు. 2024 మార్చిలో కొన్నాను, ఇప్పటికీ సీల్ తియ్యలేదు. మన జనానికి మెరుపు కావాలి, మ్యాట్ అడిగేవాళ్ళు ఏడాదికి ఒకరిద్దరు కూడా ఉండరు. మా కుర్రాళ్ళు ఆ రోల్‌కి "ఫెరారీ" అని పేరు పెట్టారు. "ఫెరారీ పక్కన చీపురుంది తీసుకురా" అంటుంటారు నా ముందే.

ఆ రోజుల్లో లాఫెరారీ అన్న తమ పెద్ద కారు తర్వాత ఫెరారీ ఏం తెస్తుందన్నదే ఎక్కడ చూసినా గోల. అసలు పేరు తెలియదు కాబట్టి ఎఫ్250 అని కోడ్ పేరుతో పిలిచేవాళ్ళు. అప్పుడు ఒక బ్రోకర్ ఫోన్ చేశాడు. "అన్నా, జూబ్లీహిల్స్ పార్టీకి ఒకటి ఓకే అయింది. ముంబై పోర్టులో దిగింది. మ్యాట్ కావాలంటున్నారు, మెటీరియల్ రెడీగా పెట్టుకో." వెంటనే వాట్సాప్‌లో ఫోటో వచ్చింది, కంటైనర్‌లో ఎర్ర కవర్ కప్పిన కారు. నేను ఆ రాత్రే రోల్‌కి ఆర్డర్ పెట్టాను. లక్షకి కాస్త తక్కువ.

రెండు వారాల తర్వాత, కస్టమ్స్ క్లియరింగ్ పనులు చూసే మా పాత కస్టమర్ ఒకాయన చాయ్‌కి ఆగారు. గొప్పగా ఆ ఫోటో చూపించాను.

"స్టీరింగ్ ఎటువైపు?" అన్నారు.

"అడగలేదు సార్."

"అడగాలి కదయ్యా. కొత్త కారు మన దేశంలోకి దిగుమతి కావాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి. లాఫెరారీకి కుడివైపు చెయ్యనే లేదు. దీనికి చేస్తున్నారని నీకెవరు చెప్పారు?" చాయ్ ఒక గుక్క తాగి ఇంకో మాట అన్నారు. "అది సరే, ఈ కారు ఫెరారీ వాళ్ళు ఇంకా జనానికే చూపించలేదు కదా. అప్పుడే పోర్టుకెలా వచ్చింది?"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను ఆ సోమలింగానికి చొక్కా కూడా కుట్టించి పెట్టాను. ఇంటికెళ్ళి ఫోటో జూమ్ చేసి చూస్తే కవర్ కింద అద్దాల ఎత్తు, వెనక డిక్కీ ఆకారం ఏదో సెడాన్‌వి. ఫెరారీ ఆ కారును ఎఫ్80 అన్న పేరుతో బయటపెట్టింది 2024 అక్టోబర్ 17న. 799 కార్లే చేస్తామన్నారు, అవన్నీ అప్పటికే అమ్ముడైపోయాయి కూడా.

అప్పటినుంచి నాకొక అలవాటైంది. పుకారు వినగానే, ఈ మాట మీద ఎవరన్నా సొంత డబ్బు పెట్టారా అని చూస్తాను. వాట్సాప్ ఫార్వర్డ్‌కి ఖర్చు లేదు, కంప్యూటర్‌లో గీసిన బొమ్మకి లేదు, "మా బావకి డీలర్ తెలుసు" అన్న మాటకి అసలే లేదు. బ్రోకర్ చెప్పిన ఆ కథలో డబ్బు పెట్టింది నేనొక్కడినే.

ఎఫ్80 ఇంజిన్ సంగతే చూడండి. అభిమానులందరూ వీ12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజిన్, వస్తుందని ఒట్టేసి చెప్పారు. వచ్చింది 3 లీటర్ల వీ6, రెండు టర్బోలు, దానికి హైబ్రిడ్, మొత్తం 1200 హార్స్‌పవర్. ఎంత ఏడ్చారో! కానీ ఫెరారీ డబ్బు ఎటు పోతోందో ముందునుంచీ కనిపిస్తూనే ఉంది. 2021లో 296 జీటీబీ అన్న కారుకి వీ6 పెట్టారు. 499పీ రేసు కారుకీ వీ6 పెట్టి 2023లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచారు, 2024లోనూ గెలిచారు. అంత ఖర్చు ఒక ఇంజిన్ మీద పెట్టినవాళ్ళు తమ పెద్ద కారుకి వేరేది పెడతారా? వీ12 అన్నది పుకారు కాదు, కోరిక. మన వాళ్ళకి ఈ రెండిటికీ తేడా తెలియకపోవడం హీరోల సినిమా అప్‌డేట్లలో రోజూ చూస్తున్నదే.

అలాగే "లీక్" అని వచ్చే ప్రతిదీ లీక్ కాదు. లాంబోర్గిని హురాకాన్ తర్వాతి కారుకి వీ10 పోయి 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8 వస్తుందని, అది పదివేల ఆర్‌పీఎమ్ దాకా తిరుగుతుందని 2024 మేలో ఆ కంపెనీయే చెప్పింది. కారును మాత్రం ఆగస్టులో అమెరికాలోని మాంటెరేలో చూపించింది, టెమెరారియో అని. అలవాటు ప్రకారం ఇదీ ఒక పోట్లాట ఎద్దు పేరే. మూడు నెలలు జనం నోళ్ళలో నానాలనే ముందు ఇంజిన్ గురించి చెప్పారు. టీజర్, పాట, ట్రైలర్ లాగా అన్నమాట.

ఇక స్పై ఫోటోలు, అంటే ఇంకా బయటపెట్టని కారును రోడ్డు మీద పరీక్షిస్తుంటే దొంగచాటుగా తీసినవి. ఇక్కడ నా వృత్తి కాస్త పనికొస్తుంది, ఎందుకంటే ఆకారం తెలియకుండా ఆ కార్లకి వేసే నలుపు తెలుపు మెలికల కామోఫ్లాజ్ కూడా ఫిల్మే. ఫిల్మ్ నున్నగా, ముడత లేకుండా వంపు తిరిగిన చోట కింద ఉన్నది అసలు బాడీ. అంచు లేచి, స్క్రూలు కనిపించి, గుడ్డ కప్పినట్టు ఉబ్బిన చోట కింద ఉన్నది ప్లాస్టిక్ ముక్కో ఫోమో, కావాలని పెట్టిన దొంగ ఆకారం. లైట్లకి స్టిక్కర్లు వేస్తారు, సైలెన్సర్ గొట్టాలు కూడా ఉత్తుత్తివి పెడతారు. ఒక్కటి మాత్రం దాచలేరు, గాలి పోయే రంధ్రాలు. అవి మూస్తే ఇంజిన్ ఉడికిపోతుంది. అందుకే ఎవరన్నా స్పై ఫోటో పంపితే నేను ముందు తలుపు వెనక ఉన్న గాలి దారి ఎంత పెద్దదో, బ్రేకుల ముందు ఎంత ఖాళీ వదిలారో చూస్తాను. కారు మీద ఎక్కడన్నా పసుపు రంగు హై వోల్టేజ్ స్టిక్కర్ ఉంటే హైబ్రిడ్ అవునా కాదా అన్న వాదన అక్కడితో ముగిసినట్టే. ఏఐతో చేసిన బొమ్మల్లో ఈ రంధ్రాలు ఎటూ పోవు, ఊరికే నల్లగా ఉంటాయి. ఒకసారి చూపు అలవాటైతే అరక్షణంలో పట్టేస్తారు.

తేదీల జోలికి మాత్రం పోకండి. కంపెనీ స్వయంగా చెప్పిన తేదీలే నిలవవు. మెర్సిడెస్ ఏఎమ్‌జీ వన్‌ను 2017లో చూపించారు, తయారీ మొదలైంది 2022లో. ఎఫ్1 కారు ఇంజిన్‌ని సిగ్నల్ దగ్గర మామూలు కారులా నెమ్మదిగా తిప్పి, పొగ నిబంధనలు దాటించేసరికి వాళ్ళ తల ప్రాణం తోకకి వచ్చింది. టెస్లా కొత్త రోడ్‌స్టర్‌ను అదే 2017లో చూపించి 2020లో ఇస్తామన్నారు, 50 వేల డాలర్ల అడ్వాన్స్ తీసుకున్నారు. 2020 పోయింది, కారు రాలేదు. చూశారా, అక్కడ ముందు డబ్బు పెట్టింది కొనేవాళ్ళు.

మన దేశానికి ఎప్పుడన్నది కాస్త అంచనా వెయ్యొచ్చు. లాంబోర్గిని రెవుయెల్తోను 2023 మార్చిలో చూపించారు, ఇక్కడ ధర ప్రకటించింది డిసెంబర్‌లో, 8.89 కోట్లు. టెమెరారియో 2024 ఆగస్టులో, ఇక్కడ 2025 ఏప్రిల్ 30న 6 కోట్లకి. రెండూ ఎక్స్ షోరూమ్. అంటే ఎనిమిది, తొమ్మిది నెలలు. "యూరోల్లో ఇంత, కాబట్టి మనకి ఇంత" అని లెక్కలు కట్టే వీడియోలు చూడకండి. కస్టమ్స్, జీఎస్టీ, మన లైఫ్ టాక్స్ వేరే ఏ దేశం లెక్కకీ అందవు.

నా డబ్బు కొలతకీ లోపం ఉందని ఒప్పుకుంటాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు, జరిగింది. నేను నెక్లెస్ రోడ్డు కంచె అవతల చెవులు రిక్కించి నిలబడ్డాను, శబ్దమే లేదు, ఏదో పెద్ద మిక్సీ తిరుగుతున్నట్టు ఉంది. మరుసటి ఏడు కూడా ఉంటుందని రోడ్డు, బారికేడ్లు చూసిన ఎవరైనా నమ్ముతారు. నేనూ నమ్మాను. 2024 జనవరిలో రద్దయింది.

సరే, హైదరాబాద్‌లో మొదటి కారు సంగతి. కొందరు ఖైరతాబాద్ ఆర్టీఏ ఫ్యాన్సీ నంబర్ల వేలం చూస్తుంటారు. 9999కి ఎవరన్నా లక్షలు పెట్టారంటే పెద్ద కారేదో వస్తోందని లెక్క. డబ్బు పెట్టారు కాబట్టి నా పరీక్షలో పాసే, కాకపోతే ఆ నంబర్ ఫార్చ్యూనర్‌కి కూడా పోతుంది. ఆదివారం పొద్దున ఓఆర్ఆర్ మీదో కేబుల్ బ్రిడ్జి మీదో కెమెరాలతో నిలబడే కుర్రాళ్ళకి కారు కనిపించేసరికి అది పాత వార్త. టీఆర్ ప్లేట్‌తో మా దగ్గర ఫిల్మ్ వేయించుకుని వెళ్ళి వారమై ఉంటుంది.

నాకు నిజంగా ముందు తెలిసేది ఫ్లాట్‌బెడ్ డ్రైవర్ల వల్ల. ఈ కార్లు ఎక్కువగా బెంగళూరు నుంచో ముంబై నుంచో లారీ మీద వస్తాయి. కింద కొడితే ముందు బంపర్ ఖరీదు మన కారంత ఉంటుంది కాబట్టి ఆ డ్రైవర్లు ఊరికే రారు, ముందే అన్నీ అడుగుతారు. మొన్న శుక్రవారం ఒకాయన బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. కారు పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. "అన్నా, మీ గేటు ముందు స్పీడ్ బ్రేకర్ ఎంత ఎత్తుంది?" అన్నాడు. టేపు తీసుకెళ్ళి కొలిచి నాలుగంగుళాలన్నాను.

"సరే, రెండు చెక్క పలకలు ఎక్కించుకుంటాను" అని పెట్టేశాడు.

ఫిల్మ్ ఇంకా ఆర్డర్ పెట్టలేదు. పలకలు దిగాక చూద్దాం.