టెన్షన్ మాత్రలకు బదులు ప్రోబయోటిక్స్ వాడొచ్చా?

ఆ మాత్రలు మాత్రం మాన్పించకండి. పరీక్షలు దగ్గరపడితే మీ తమ్ముడికి కడుపు ఉబ్బరం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం అన్నారు. సైకియాట్రిస్ట్ రాసిన మాత్రలకు బదులు ప్రోబయోటిక్ (మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల) క్యాప్సూల్స్ సరిపోతాయా అని అడిగారు. నాకు ఏళ్లుగా ఐబీఎస్ (కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు మళ్లీ మళ్లీ వేధించే పేగుల సమస్య) ఉంది, రెండూ వాడాను కాబట్టి చెప్తున్నా.

కడుపుకీ మెదడుకీ సంబంధం ఉన్న మాట నిజం. ఆఫీసులో మీటింగ్ ఉందంటే తెల్లారకముందే నాకు కడుపులో మెలిపెట్టేది. వాయిదా పడిందని మెసేజ్ వస్తే కాసేపట్లోనే సర్దుకునేది. వేగస్ నరం ఈ రెండింటి మధ్యా అటూ ఇటూ సంకేతాలు మోస్తూ ఉంటుంది. ఐర్లండ్‌లోని కార్క్ శాస్త్రవేత్తలు ఒక రకం లాక్టోబాసిల్లస్ రామ్నోసస్‌ను చిట్టెలుకలకు పెడితే వాటి బెదురు తగ్గిందని, ఆ నరం కోసేసిన వాటిలో మార్పు లేదని 2011లో ప్రచురించారు. చాలామంది ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. అదే బ్యాక్టీరియాను ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు ఇస్తే, ఒత్తిడి విషయంలో మందు లేని ఉత్త క్యాప్సూల్ కంటే మెరుగ్గా ఏమీ పనిచెయ్యలేదని 2017లో వాళ్లే రాశారు. మూడ్‌పై ప్రభావం చూపే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో 90 శాతం పేగుల్లోనే తయారవుతుందని వీడియోల్లో ఊదరగొడతారు. తయారవుతుంది, కానీ అది రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు.

నా అనుభవమూ అలాగే ఉంది. ప్రోబయోటిక్‌తో ఉబ్బరం కొంత తగ్గింది, భయం తగ్గలేదు. టెన్షన్ మాత్ర, కౌన్సెలింగ్ మొదలయ్యాకే పొద్దున్నే కడుపు నెమ్మదించింది.

అలాగని ప్రోబయోటిక్స్‌ని తీసిపారేయను. ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసికందులపై జరిగిన పరీక్షలో, ఒక లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రకాన్ని ఆ బ్యాక్టీరియా తినే ఆహారంతో కలిపి పుట్టిన కొద్దిరోజులకే ఇస్తే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినడం), మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి. 2017లో వచ్చిన ఆ ఫలితం చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. యాంటీబయాటిక్స్‌తో నాకు విరేచనాలు పట్టుకున్నప్పుడు డాక్టరు శాకరోమైసిస్ బౌలార్డీ రాశారు, తెరిపినిచ్చింది. అది ఈస్ట్ కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు దాన్నేమీ చెయ్యదు. ఏ జబ్బుకి ఏ రకం, ఎంత మోతాదు అన్నదే ముఖ్యం.

అందుకే స్ట్రిప్ వెనక చదవండి. ఉత్త లాక్టోబాసిల్లస్ అని ఉంటే చాలదు, పక్కన అక్షరాలతోనో అంకెలతోనో ఆ రకం గుర్తు, ఎన్ని కోట్ల సీఎఫ్‌యూ (బతికున్న సూక్ష్మజీవుల లెక్క) అన్నదీ ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటే, మన మే నెల ఎండల్లో షాపువాడు ఎక్కడ పెట్టాడో చూసి మరీ కొనండి. ఇంటి పెరుగు, మజ్జిగ పడితే హాయిగా తీసుకోనివ్వండి. మజ్జిగ పులుసు మరిగిందంటే మాత్రం అందులో బతికున్నవేవీ మిగలవు.

క్యాప్సూల్ వెయ్యాలనుకుంటే మాత్రలతో పాటే, ఆ డాక్టరుకు చెప్పి, ఒకటే రకం ఓ నెల వేసి చూడండి. తేడా లేకపోతే ఆపేయండి. టెన్షన్ మాత్రలు సడన్‌గా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి రావచ్చు, పరీక్షల ముందు అది అసలే వద్దు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు, ఐసీయూలో ఉన్నవాళ్లకు ఈ బతికున్న సూక్ష్మజీవులే ఇన్ఫెక్షన్ తేవచ్చు, సొంతంగా ఇవ్వకూడదు. మీ తమ్ముడు బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా టెన్షన్ వల్లే అనుకోకుండా వెంటనే గ్యాస్ట్రో డాక్టరుకి చూపించండి.