రెండు రోజులకి వైజాగ్ వద్దు, చీరాల వెళ్లండి

శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేయాలి, ఆరుగురం, బీచ్‌తో పాటు మంచి చేపల కూర కావాలి అన్నారు కదా, అలాగైతే వైజాగ్ పక్కన పెట్టేయండి బ్రో, సగం టైమ్ ప్రయాణానికే పోతుంది. చెన్నై వైపు వెళ్లే రాత్రి రైళ్లలో చీరాలలో ఆగేది చూసి ముందే బుక్ చేసుకోండి. దిగాక ఆటోలో వాడరేవు బీచ్‌కి. పొద్దున్నే వెళ్తే పడవలు ఒడ్డుకొచ్చే టైమ్‌కి ఉంటారు, అక్కడే చేపలో రొయ్యలో బేరమాడి కొనుక్కుని, వండిపెట్టేవాళ్లు ఎవరున్నారో మీ రూమ్ వాళ్లని అడగండి. హోటల్ మెనూ కంటే నాకు అదే నయం అనిపిస్తుంది. రెండో రోజు బాపట్ల దగ్గర సూర్యలంక, ఒడ్డు బాగుంటుంది కానీ లోపలికి మాత్రం పోకండి, అక్కడ మునిగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, అప్పుడు తాజా సరుకు తక్కువ, రేటు ఎక్కువ.