ఫార్మాట్ కొట్టించే ముందు ఓసారి ఇటు చూడండి

ఈసారి వచ్చిన కంప్యూటర్ ప్రశ్నలన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఉత్తరాల్లో ఒకటే మాట: 'షాపులో ఫార్మాట్ కొట్టాలన్నారు, కొట్టించమంటారా?' వద్దండీ. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేయడం. కనీసం ఇది చదివేదాకా ఆగండి.

సార్, మా కంప్యూటర్ ఆన్ చేయగానే కుడిపక్క కింద మూలన 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లిక్ చేయండి' అని డబ్బాలు వరసగా వస్తున్నాయి. ఒక్కోసారి చూడకూడని బొమ్మలు కూడా వస్తున్నాయి. ఇంట్లో మనవరాలు ఉంది, సిగ్గుగా ఉంది. యాంటీవైరస్ కొని వేయించాం, తగ్గలేదు. ఇక ఫార్మాటే అంటున్నారు.
— రిటైర్డ్ టీచర్, బ్రాడీపేట, గుంటూరు

మాస్టారూ, మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు, అసలు మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందని కూడా నేననుకోవట్లేదు. ఇది చాలావరకు బ్రౌజర్ నోటిఫికేషన్ల గోల. ఎప్పుడో ఒకరోజు మీరో, మనవరాలో, పాత సీరియల్ ఎపిసోడ్ కోసమో క్రికెట్ స్కోరు కోసమో ఏదో సైటు తెరిచి ఉంటారు. అది 'మీరు రోబో కాదని తెలియాలంటే అలౌ నొక్కండి' అని ఉంటుంది. నొక్కేసి ఉంటారు, ఎవరైనా నొక్కుతారు. అది రోబో పరీక్షా కాదు పాడూ కాదు, ఆ సైటువాడు పంపే ప్రకటనలకి మీరు చందా కట్టినట్టు. పేపరబ్బాయి పొద్దున్నే గుమ్మంలో పేపరు పడేసినట్టు వాడు రోజూ పడేస్తూనే ఉంటాడు. యాంటీవైరస్ ఎందుకు పట్టుకోలేదంటే, అనుమతి ఇచ్చింది మీరే కాబట్టి దానికి అందులో తప్పేం కనపడలేదు.

చందా రద్దు చేయడం ఐదు నిమిషాల పని. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాంట్లో సైట్ సెట్టింగ్స్, దాంట్లో నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితా అక్కడ కనపడుతుంది. నోరు తిరగని పేర్లతో నాలుగైదు ఉంటాయి చూడండి, ఒక్కోదాని పక్కనున్న చుక్కలు నొక్కి బ్లాక్ చేసేయండి. అదే పేజీలో పైన, అసలు ఏ సైటూ నోటిఫికేషన్లు అడగకుండా ఆపేసే వీలు కూడా ఉంది, మీ ఇంటికి అదే మంచిది. ఎడ్జ్ వాడేవాళ్ళకీ సెట్టింగ్స్‌లో ఇదే పేరుతో ఉంటుంది. ఫోన్‌లో కూడా ఇదే గోల ఉంటే అక్కడి క్రోమ్‌లో విడిగా చేసుకోవాలి.

దీనికి పెద్దన్న ఒకడున్నాడు, వాడి గురించి కూడా చెప్పేస్తాను. ఉన్నట్టుండి స్క్రీన్ మొత్తం నీలంగానో ఎర్రగానో మారిపోయి, సైరన్ మోగి, 'కంప్యూటర్ ఆపకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అంటుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎక్కడా ఫోన్ నంబరు పెట్టదు. నంబరు కనపడిందంటే దొంగే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్‌ని ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్ళీ తెరిచినప్పుడు 'పాత పేజీలు తెరవమంటారా' అని అడుగుతుంది, తెరవద్దు. ఒకవేళ ఫోన్ చేసేసి, వాళ్ళు చెప్పిన యాప్ వేసి, స్క్రీన్ వాళ్ళ చేతికి ఇచ్చేసి ఉంటే, ముందు ఇంటర్నెట్ వైరు పీకండి. తర్వాత మరో ఫోన్ నుంచి బ్యాంకుకి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి. ఎవరో తిడతారని సాయంత్రం దాకా దాచుకోవద్దు, ఎంత తొందరగా చెబితే డబ్బు వెళ్ళిన ఖాతాలో దాన్ని ఆపించే అవకాశం అంత ఎక్కువ.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్‌లో తేదీ ఏళ్ళ వెనక్కి పోతోంది. అప్పుడు బ్యాంకు సైటు తెరుచుకోవట్లేదు, ఏదో సెక్యూరిటీ తప్పు అంటోంది. వైరస్ అన్నారు.
— సత్యనారాయణపురం, విజయవాడ

వైరస్ కాదు, సెల్లు. కంప్యూటర్ ఆపేసి ఉన్నప్పుడు కూడా టైము గుర్తుంచుకోవడానికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటుంది, 3 వోల్టులది, పేరు సీఆర్ 2032. అది అయిపోయింది. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది, వంద రూపాయలు కూడా కాదు. కరెంటు వైరు పూర్తిగా పీకేసి, పాతది ఎటు తిరిగి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకుని, కొత్తది అలాగే పెట్టండి, తేదీ సరిచేయండి. బ్యాంకు సైటు ఎందుకు మొరాయించిందంటే, ఇది ఫలానా వాళ్ళ సైటేనని చెప్పే సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది, మీ కంప్యూటరేమో ఇంకా ఆ సర్టిఫికెట్ పుట్టని రోజుల్లో ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా సీపీయూ రెండు రోజులు నీళ్ళలోనే ఉండిపోయింది. తర్వాత ఎండబెట్టి అటక మీద పెట్టేశాం. ఇప్పుడు మా అబ్బాయి పూర్తిగా ఆరిపోయింది కదా, ఆన్ చేసి చూద్దామంటున్నాడు. మా నాన్నగారి ఆఖరి రోజుల ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఆన్ చేయమంటారా?
— ఒక సోదరి, సింగ్ నగర్, విజయవాడ

అమ్మా, దయచేసి చేయనివ్వకండి. ఎందుకో అబ్బాయికి కూడా చదివి వినిపించండి. మీది హార్డ్ డిస్క్ అయితే దాని లోపల అద్దంలా మెరిసే పళ్ళాలు ఉంటాయి, అవి నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతాయి, వాటి మీద చదివే ముల్లు ఆనకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. హార్డ్ డిస్క్ పూర్తిగా మూసేసిన డబ్బా అనుకుంటాం గానీ చాలావాటికి గాలి ఆడటానికి సన్నటి రంధ్రం ఉంటుంది, నీళ్ళు వెళ్ళేది అందులోంచే. నీరు ఆరిపోయినా బురద పోదు, పొడిగా మారి పళ్ళాల మీదే అంటుకుని ఉంటుంది. ఆ స్థితిలో ఒక్కసారి కరెంటు ఇస్తే ఆ ముల్లు గీరుకుంటూ పోతుంది, ఫోటోలున్న పొర గీరుకుపోయాక ఇక ఎవరూ ఏమీ చేయలేరు. బియ్యం డబ్బాలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ కొట్టడం, ఇవేవీ వద్దు.

చేయాల్సింది ఇది. సీపీయూ డబ్బా విప్పి హార్డ్ డిస్క్ ఒక్కటీ బయటికి తీయించండి, దాని మీది స్క్రూలు మాత్రం ముట్టుకోనివ్వకండి. తర్వాత డేటా రికవరీ ఒక్కటే పనిగా చేసేవాళ్ళకి పంపండి. మామూలు రిపేరు షాపులో ఫ్యాను కింద కూర్చుని మూత తీసేవాళ్ళకి ఇవ్వొద్దు, దుమ్ములేని గదిలో తెరవాల్సిన వస్తువది. ఇచ్చే ముందు మూడు సంగతులు అడగండి: చూసి చెప్పడానికి ఎంత, డేటా రాకపోతే ఎంత, వస్తే ఎంత. వేలల్లో చెబుతారు, గ్యారంటీ ఎవరూ ఇవ్వరు, ఇస్తానన్నవాణ్ణి నమ్మకండి.

అంత ఖర్చు పెట్టే ముందు ఒక వారం రోజులు ఇంకో వైపు వెతకండి. ఆ ఫోటోలు ఏ ఫోన్‌తో తీశారు, ఆ ఫోన్ ఎక్కడుంది? దాని మెమరీ కార్డు ఏ సొరుగులోనైనా ఉందా? కార్డులో ఫోటోలు చెరిపేసినా, దాని మీద కొత్తవి ఎక్కించకపోతే వెనక్కి తెచ్చే వీలుంది. చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో పైకి జరుపుకుంటూ పోతే ఎన్నో దొరుకుతాయి. మీ అన్నదమ్ముల పాత ఫోన్లు, మీ పాత జీమెయిల్‌తో తెరిచిన గూగుల్ ఫోటోస్, అన్నీ చూడండి.

నాకూ తగిలింది ఈ దెబ్బ, నీళ్ళ వల్ల కాదు. కంప్యూటర్ నెమ్మదించిందని ఒక షాపులో ఇస్తే, అతను అడగనూలేదు, నేను చెప్పనూలేదు, సాయంత్రానికి ఫార్మాట్ కొట్టి కొత్త పెళ్ళికూతురిలా చేతిలో పెట్టాడు. మా అమ్మాయి అన్నప్రాసన ఫోటోలు డెస్క్‌టాప్ మీద ఉండేవి. ఆ రోజు నుంచి నాకు ఫార్మాట్ అన్న మాట వింటేనే టెన్షన్. ఇప్పుడు ఫోటోలు బయటి డిస్కుల్లో రెండు కాపీలు పెడుతున్నాను, ఒకటి విజయవాడలో మా ఇంట్లో, ఇంకోటి గుంటూరులో మా అక్క బీరువాలో. కృష్ణకి అటొకటి ఇటొకటి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ డిస్క్ తెచ్చుకుని కొత్తవి ఎక్కించి మళ్ళీ పంపిస్తాను, ఆవిడ నవ్వుతుందనుకోండి.

మాది రెండంతస్తుల ఇల్లు, 100 ఎంబీపీఎస్ ప్లాన్. కింద హాల్లో బాగానే వస్తోంది, పైగదిలో అల్లుడుగారు ఆఫీసు పని చేసుకుంటుంటే మీటింగ్ మధ్యలో ఆగిపోతోంది. ఇంకోటి, డౌన్‌లోడ్ పెడితే 11, 12 మాత్రమే చూపిస్తోంది. 100 అని డబ్బు తీసుకుని మోసం చేస్తున్నారా?
— లక్ష్మీపురం, గుంటూరు

రెండోదానికి ముందు చెబుతాను, మోసం లేదు. ప్లాన్‌లో చెప్పేది బిట్లలో, డౌన్‌లోడ్‌లో కనపడేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. మీకు రావాల్సిందే వస్తోంది.

ఇక పైగది. రూటర్ ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు గానీ టీవీ వెనకో, అందంగా లేదని అలమరా లోపలో పెట్టి ఉంటారని నా అనుమానం. ఇనుప బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టి, స్లాబులోని ఇనుము, ఇవన్నీ వైఫైని మింగేస్తాయి. దాన్ని మెట్ల దగ్గర కాస్త ఎత్తులో, ఎదురుగా ఏమీ అడ్డం లేకుండా పెట్టి చూడండి. మీ రూటర్ రెండు పేర్లతో సిగ్నల్ ఇస్తుంటే, 5 అని ఉన్నది వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది, 2.4ది వేగం తక్కువ గానీ దూరం వెళ్తుంది. పైన 2.4 వాడమనండి. అప్పటికీ ఆగుతుంటే ఎక్స్‌టెండర్ కొనే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి, సిగ్నల్ రాని గదిలో ఎక్స్‌టెండర్ పెడితే అది రాని సిగ్నల్‌నే మళ్ళీ పంచుతుంది. సగం దారిలో పెట్టాలి. నన్నడిగితే మాత్రం పైకి ఒక నెట్‌వర్క్ కేబుల్ లాగించేయండి, అల్లుడుగారు పండక్కి పెట్టిన బట్టల కంటే దానికే ఎక్కువ సంతోషిస్తారు.

మా నాన్నగారి పద్యాలు ఏలూరు రోడ్డులో డీటీపీ చేయించాం. ఫైలు పెన్ డ్రైవ్‌లో తెచ్చి ఇంట్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనపడుతున్నాయి. ఫైలు పాడైందా?
— గుణదల, విజయవాడ

పాడవలేదు. అది డీటీపీ వాళ్ళు వాడే 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో కొట్టి ఉంటారు. అందులో కంప్యూటర్‌కి తెలుగని తెలియదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, అంతే. ఆ ఫాంటు లేని చోట బొమ్మలు పోయి అడుగున ఉన్నవి బయటపడతాయి. చదువుకోవడానికే అయితే డీటీపీ అతన్నే పీడీఎఫ్ చేసి ఇమ్మనండి, ఫోన్‌లో కూడా చక్కగా కనపడుతుంది. వాట్సాప్‌లో పంపాలన్నా, పద్యాల్లో ఒక మాట వెతకాలన్నా యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగా గుర్తుపట్టే పద్ధతిలోకి మార్చాలి. మార్చే ఉచిత సాధనాలు నెట్‌లో ఉన్నాయి, కాకపోతే ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, పద్యం కాబట్టి అసలు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి, ఒక్క ఒత్తు పోయినా గణం తప్పొచ్చు. కొత్తగా కొట్టేవి మాత్రం విండోస్ 10, 11లో ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డుతో కొట్టండి, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే వస్తుంది, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

అన్నా, మాది విండోస్ 10, పాత ఐ3, 4 జీబీ ర్యామ్. ఆన్ అవడానికి పది నిమిషాలు పడుతోంది. 11 ఎక్కదంటోంది. ఫార్మాట్ కొట్టించనా, కొత్తది కొననా? ఇంట్లో డబ్బులడగడం కష్టం.
— డిగ్రీ విద్యార్థి, పటమట

రెండూ వద్దు తమ్ముడూ. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళలో విడిగా నమోదు చేసుకున్నవాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామంది మైక్రోసాఫ్ట్. అప్‌డేట్లు లేని కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయకు. నీ చదువుకి సరిపడేది లైనక్స్ మింట్, విండోస్ బదులు వాడుకునే సిస్టమ్, ఉచితం, పెన్ డ్రైవ్ నుంచి ముందు నడిపి చూసి నచ్చితేనే ఎక్కించుకోవచ్చు.

నెమ్మదికి కారణం మాత్రం దాదాపు హార్డ్ డిస్కే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అన్న చోట 100 శాతం చూపిస్తూ ఉంటే సందేహం లేదు. హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళాలు లేని వేగమైన డిస్క్ ఒకటి వేయించు, వీలైతే ర్యామ్ 8 చేయించు, పది నిమిషాలు నిమిషంలోకి వస్తాయి. నీ ఫైళ్ళు వేరేచోట కాపీ అయ్యాయని కళ్ళారా చూసుకున్నాకే షాపులో ఇవ్వు. తీసిన పాత హార్డ్ డిస్క్ అక్కడే వదిలేసి రాకు, అందులో నీ సమాచారమంతా ఉంటుంది. యూఎస్‌బీ కేసు ఒకటి కొని అందులో పెట్టుకుంటే బయటి డిస్క్ అవుతుంది, రెండో కాపీకి పనికొస్తుంది, ఉన్న ఒక్క కాపీ మాత్రం దాంట్లో పెట్టకు.